క్యాస్క్ నుంచి పట్టి ఇచ్చిన చెర్రీ స్టౌట్ పుల్లగా, గ్యాస్ లేకుండా ఉంటే పాడైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మాంచెస్టర్‌లో చలికాలపు బీర్ ఫెస్టివల్‌కి వెళ్లారు. చెక్క పీపాలో దాదాపు ఏడాది ఉంచిన చెర్రీ స్టౌట్ (మాడ్చిన బార్లీతో చేసే నల్ల బీరు), 10 శాతం ఆల్కహాల్, క్యాస్క్ నుంచి, అంటే పబ్బుల్లో బీరు పట్టి ఇచ్చే పీపా నుంచి, చిన్న గ్లాసులో పట్టి ఇచ్చారు. చల్లగా లేదు, గ్యాస్ లేదు, నాలుక పట్టేసేంత వగరు, దానికి తోడు పులుపు. సగం తాగి సగం పారబోశారు. అది పాడైన బీరా, లేక దాన్ని రుచి చూసే పద్ధతి వేరే ఉందా అని అడిగారు.

మీరు చెప్పిన నాలుగింటిలో మూడు ఆ బీరుకి ఉండాల్సినవే. చల్లగా లేకపోవడం, గ్యాస్ తక్కువగా ఉండడం, వగరు, ఈ మూడూ తప్పులు కావు. తేల్చుకోవాల్సింది పులుపు ఒక్కటే. దాన్ని నోట్లో పోసుకోక ముందే చాలావరకు ముక్కుతో తేల్చవచ్చు. గ్లాసు దగ్గరికి తేగానే వెనిగర్ సీసా మూత తీసినట్టు ముక్కు ఘాటెక్కితే అది పాడైంది. అలా కాకుండా వాసన మామూలుగా ఉండి, తాగాక మాత్రం నోరూరేలా పుల్లగా ఉంటే అది చెర్రీ పులుపు. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. మీరు పారబోసింది మంచి బీరే అయ్యుండొచ్చు.

నేను ఇంగ్లండ్ వచ్చి పద్దెనిమిదేళ్లు. అందులో ఆరేళ్లు షెఫీల్డ్‌లో ఒక పబ్బులో సెల్లార్ పని చేశాను. సెల్లార్ అంటే మన అపార్ట్‌మెంట్లలో బండ్లు పెట్టుకునేది కాదు, బీరు పీపాలు చల్లగా ఉంచే కింది గది. తర్వాత ఫెస్టివళ్లలో వాలంటీరుగా క్యాస్కులు చూసుకోవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ ఏటా వెళ్తాను. ఈ రకం బీరు మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

మొదట ఒక గందరగోళం తీరుస్తాను. నిల్వ ఉంచిన పీపా వేరు, మీకు పట్టి ఇచ్చిన క్యాస్క్ వేరు. చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుంటారు. బీరు ఊరేది ఓక్ చెక్క పీపాలో. అవి ఎక్కువగా అమెరికా నుంచి వచ్చే బర్బన్ విస్కీ పీపాలు. బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలని అక్కడి చట్టం. ఒకసారి వాడాక వాళ్లకి మళ్లీ బర్బన్‌కి పనికిరాదు కాబట్టి ఆ ఖాళీ పీపాలు ప్రపంచమంతా వెళ్తాయి. ఒక్కోదానిలో సుమారు 200 లీటర్లు పడుతుంది. అందులో స్టౌట్ కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా ఉండి, చెక్కలో మిగిలిన విస్కీని, చెక్క రుచిని పీల్చుకుంటుంది. చెర్రీలు ఆ పీపాలోనే వేస్తారు, లేదా ముందో తర్వాతో ట్యాంకులో వేస్తారు.

ఆ తర్వాత బీరుని క్యాస్కులోకి మారుస్తారు. ఇవి ఈ రోజుల్లో దాదాపు అన్నీ స్టీలువి, కొన్ని ప్లాస్టిక్‌వి. యార్క్‌షైర్‌లో టాడ్‌కాస్టర్‌లోని శామ్యూల్ స్మిత్ లాంటి ఏ కొద్దిమందో ఇంకా చెక్క క్యాస్కులు వాడుతున్నారు. మామూలుగా పబ్బుకి వచ్చేది ఫర్కిన్, అంటే 9 గ్యాలన్లు, 72 పింట్లు (పింట్ అంటే సుమారు 568 మిల్లీలీటర్లు). ఇలాంటి బలమైన బీరు అందులో సగం ఉండే పిన్‌లో వస్తుంది, 36 పింట్లు. మీ గ్లాసులోకి వచ్చిన చెక్క రుచి ఆ స్టీలు క్యాస్కుది కాదు, అంతకుముందు నెలల తరబడి ఉన్న పీపాది.

ఇక గ్యాస్ సంగతి. క్యాస్క్ బీరుకి బయటినుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించరు. 1971లో పుట్టిన కామ్రా అనే వినియోగదారుల సంఘం యాభై ఏళ్లకు పైగా పట్టుబడుతున్నది దీనికోసమే. బీరు ఏ పాత్రలోంచి పోస్తారో ఆ పాత్రలోనే ఈస్ట్ రెండోసారి పులియబెట్టాలి, అప్పుడు పుట్టిన గ్యాసే అందులో ఉండాలి. అలా ఒక లీటరు బీరులో లీటరు, లీటరుంబావు గ్యాస్ కరిగి ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో తాగిన లాగర్‌లో దానికి రెండింతలు ఉంటుంది. కాబట్టి ఏ క్యాస్క్ బీరైనా మీకు చప్పబడినట్టే అనిపిస్తుంది.

పీపాలో ఊరిన ఇలాంటి స్టౌట్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. చెక్క పీపాలో నెలలు ఉండేసరికి ఉన్న గ్యాస్ అంతా పోతుంది. పాత ఈస్ట్ నీరసించి ఉంటుంది. క్యాస్కులో నింపేటప్పుడు కొత్త ఈస్ట్, కొంచెం చక్కెర వేస్తారు. కానీ 10 శాతం ఆల్కహాల్ మధ్య ఆ ఈస్ట్ పనిచేయడం కష్టం. అందుకని 4 శాతం ఉండే బిట్టర్ అనే మామూలు పబ్బు బీరులో వచ్చినంత గ్యాస్ ఇందులో రాదు. నాలుక మీద సన్నగా చిమచిమలాడితే చాలు, అది బాగా కుదిరినట్టే. అసలేమీ కదలిక లేకపోతే అది లోపమే. ఈస్ట్ పనిచేయకపోయినా అలా ఉంటుంది, క్యాస్కు మీద మెత్తటి చెక్క మేకు పెట్టి గ్యాస్‌ని ఎక్కువసేపు వదిలేసినా అలా ఉంటుంది. నేను ఈ రకం బీరుకి మెత్తటి మేకు కొన్ని గంటలకు మించి ఉంచను, వెంటనే గ్యాస్ పోనివ్వని గట్టి మేకు కొట్టేస్తాను.

చల్లదనం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి, బీరు అదే చల్లదనంలో గ్లాసులోకి వస్తుంది. ఇంకా చల్లబరిస్తే చెర్రీ, చెక్క వాసనలు రెండూ అణిగిపోయి, చేదూ వగరూ మాత్రమే మిగులుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు నిరాశపడడానికి కారణం "చెర్రీ" అనే మాటే అని నా నమ్మకం. చెర్రీ అనగానే మనకు గుర్తొచ్చేది బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే తియ్యటి పండు. అది చాలాసార్లు చెర్రీ కానే కాదు, రంగు వేసి చక్కెర పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. ఆ తీపిని ఊహించుకుని ఈ గ్లాసు ఎత్తితే మోసపోయినట్టే ఉంటుంది. స్టౌట్‌లో వాడేవి ఎక్కువగా పుల్ల చెర్రీలు. యూరప్‌లో మొరెల్లో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో విరివిగా పండే మాంట్‌మొరెన్సీ. వాటిలో ఉన్న చక్కెరనంతా ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది పండులోని పులుపు, తొక్కలోని వగరు, గింజతో సహా వేస్తే ఆ గింజ నుంచి వచ్చే బాదం వాసన. ఆ బాదం వాసన కాస్త ఎక్కువైతే దగ్గు మందు గుర్తొస్తుంది. చాలామంది "సిరప్ కలిపారు" అని అనుమానించేది దాన్నే. నిజమైన చెర్రీ గింజలోనూ ఉండేది అదే వాసన.

మా బావ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఇలాంటిదే ఒక గ్లాసు ఇచ్చాను, ఏమీ చెప్పకుండా. రెండు గుక్కలు తాగి, "పచ్చి వాక్కాయ కొరికి పైన తాటిబెల్లం చప్పరించినట్టుంది" అన్నాడు. నేను అన్నేళ్లుగా ఇంగ్లీషులో రాసుకున్న నోట్స్ అన్నిటికంటే అది దగ్గరగా ఉంది. మాడ్చి వేయించిన బార్లీ, ముదురు మాల్ట్ కలిసి ఇచ్చే రుచి తాటిబెల్లానిదే: నలుపు, కాస్త పొగ, కాస్త చేదు, అడుగున తీపి. మీరూ ఈసారి కేకు చెర్రీని మర్చిపోయి, పచ్చి వాక్కాయని మనసులో పెట్టుకుని తాగి చూడండి. అదే బీరు వేరేగా అనిపిస్తుంది.

వగరు కూడా అంతే. ఇంగ్లీషు స్నేహితులకి ఈ రుచి వివరించాలంటే నేను కష్టపడాలి. మనకు నేరేడు పండు అంటే సరిపోతుంది. ఆ వగరు రెండు చోట్ల నుంచి వస్తుంది, చెర్రీ తొక్క నుంచి, ఓక్ చెక్క నుంచి. నేరేడు పండు తిన్నాక నాలుక ఎలా బిగుసుకుంటుందో అలా ఉండి, కాసేపటికి వదిలేస్తే మంచిదే. ఎక్కువసేపు మరిగిన టీ డికాక్షన్‌లా గొంతుదాకా ఎండబెడితే, చెక్కలో ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని అర్థం. అది పాడవడం కాదు, తయారీలో లెక్క తప్పడం.

పులుపులో మూడు రకాలు ఉంటాయి, వాటిని విడదీయడం నేర్చుకోండి.

పండు పులుపు నాలుక పక్కల తగులుతుంది, నోరూరిస్తుంది, మింగగానే శుభ్రంగా వెళ్లిపోతుంది. ఇది కావలసిన పులుపు.

మజ్జిగ పులుపు మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. చెక్క రంధ్రాల్లో కాపురముండే లాక్టిక్ బ్యాక్టీరియా వల్ల వస్తుంది. కొందరు కావాలనే రానిస్తారు, కొందరికి చెప్పకుండా వస్తుంది. వైన్ పీపాలో ఊరిన చెర్రీ స్టౌట్‌లో నాకు ఇది చాలా ఇష్టం. బర్బన్ పీపాలో ఊరినదాంట్లో మాత్రం వెనిలా, కొబ్బరి వాసనల పక్కన ఇది అతకదు.

మూడోది వెనిగర్ పులుపు. ముందు ముక్కుకి, తర్వాత గొంతుకి తగులుతుంది. కల్లు తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి, సాయంత్రానికి పులిసి, మర్నాటికి గొంతు గీసేలా మారుతుంది కదా, ఆ చివరి దశ ఇది. ఈ పని చేసే బ్యాక్టీరియాకి గాలి కావాలి. క్యాస్కులోంచి బీరు తీసేకొద్దీ ఆ ఖాళీలోకి గదిలోని గాలే వెళ్తుంది. అంటే క్యాస్కు తెరిచిన రోజు నుంచే ఇది మొదలవుతుంది. మామూలు బీరు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి అనేది అందుకే. బలమైన స్టౌట్ ఇంకొన్ని రోజులు ఆగుతుంది, కానీ ఎప్పటికీ ఆగదు.

ఇది నాకు చేదు అనుభవంతోనే తెలిసింది. ఒక పబ్బులో పనిచేస్తున్నప్పుడు డిసెంబరులో ఒక చెర్రీ స్టౌట్ పిన్ పెట్టాం. పింట్‌లో మూడో వంతు చొప్పున అమ్మితే 108 గ్లాసులు. ఖరీదు ఎక్కువ, నెమ్మదిగా అమ్ముడవుతోంది. మొదటి రెండు రోజులు ఆల్కహాల్ ఘాటు, చేదు విడివిడిగా తెలిసేవి. మూడు, నాలుగు రోజులకి ఎంత బాగా కుదిరిందంటే, నేను షిఫ్టు అయ్యాక డబ్బులిచ్చి తాగేవాణ్ణి. చెర్రీ ముందుకి వచ్చింది, విస్కీ వెనక్కి తగ్గింది. ఏడో రోజు వాసనలో సన్నటి నెయిల్ పాలిష్. తొమ్మిదో రోజు వెనిగర్. అప్పటికీ మూడో వంతు మిగిలే ఉంది. ఓనరు ఇంకో రెండు రోజులు అమ్మమన్నాడు, నేను ఒప్పుకోలేదు, క్యాస్కు దించేశాను. ఆ రోజు గొడవ అయింది. ఇప్పుడైనా అదే చేస్తాను. ఎందుకంటే మొదటిసారి తాగేవాళ్లకి అదే ఆ రకం బీరు రుచి అని ముద్ర పడిపోతుంది, మళ్లీ దాని జోలికి వెళ్లరు.

కాబట్టి తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏ పీపాలో ఊరింది, క్యాస్కు ఎప్పుడు తెరిచారు. బర్బన్ పీపా అంటే వెనిలా, కొబ్బరి ఎదురుచూడండి, గట్టి పులుపు తగిలితే అనుమానించండి. రెడ్ వైన్ పీపా అంటే పులుపు, వగరు రెండూ ఎక్కువే ఉంటాయి, అది సహజం. హ్యాండ్‌పంపుతో, అంటే కౌంటర్ మీది పిడి లాగి సెల్లార్ నుంచి గొట్టం ద్వారా బీరు పైకి తెచ్చి, పోసే పబ్బులో ఇంకోటి చూడాలి. నెమ్మదిగా అమ్ముడయ్యే బీరు గొట్టంలోనే నిలిచిపోతుంది. ఆ రోజు మొదటి గ్లాసు మీదైతే, గొట్టంలో నిలవున్నది తీసేశారా అని అడగడంలో తప్పు లేదు. మంచి పబ్బులో వాళ్లే తీసేస్తారు.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. థియేటర్ పాప్‌కార్న్ మీది వెన్న వాసన గట్టిగా వస్తే అదీ మంచిది కాదు. డెట్టాల్ లాంటి మందు వాసన వస్తే క్లోరిన్‌తో ఏదో తేడా జరిగి ఉంటుంది. తోలు, గుర్రపుశాల వాసన సంగతి మాత్రం వేరు. అది బ్రెట్టానొమైసిస్ అనే ఈస్ట్. దాన్ని 1904లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో క్లౌసెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ నిల్వ బీర్లలో గుర్తించి, "బ్రిటిష్ ఫంగస్" అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. అంటే చెక్కలో ఊరిన ఇంగ్లీషు నల్ల బీరుకి అది కొత్త చుట్టం కాదు. కొద్దిగా ఉంటే నాకు చెర్రీతో బాగా కుదిరినట్టు ఉంటుంది. నచ్చనివాళ్లూ ఉన్నారు.

నేను రుచి చూసే పద్ధతి ఇది. పింట్‌లో మూడో వంతు, అంటే 189 మిల్లీలీటర్లు మాత్రమే తీసుకుంటాను. తేలికపాటి బీర్లన్నీ అయ్యాక ఆఖరున. ముందు మంచినీళ్లు, రెండు ముక్కలు ఉత్త బ్రెడ్. గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూస్తాను, వెనిగర్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత రెండు అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుని ఐదారు నిమిషాలు ఆగుతాను. ఈ ఆగడమే మీరు చేయలేదని అనుకుంటున్నాను. మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోను, అది నోటిని అలవాటు చేయడానికి. రెండో గుక్క నోట్లో కాసేపు ఉంచి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదులుతాను. చెర్రీ నాకు ఎప్పుడూ ఆ ఊపిరిలోనే దొరుకుతుంది. మొదట కాఫీ గింజ, నల్ల చాక్లెట్, మధ్యలో పండు, చివర చెక్క. ఆ చివరిది ఎంతసేపు ఉంటుందో చూస్తాను. గ్లాసు అడుక్కి వచ్చేసరికి అది వేరే బీరులా ఉంటుంది, అందుకే అరగంట పట్టినా తొందరపడను.

బాగాలేదనిపిస్తే మొహమాటపడకండి. మనవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. డబ్బులిచ్చి, ఇబ్బందిగా సగం తాగి, పక్కన పెట్టి వచ్చేస్తారు. ఒకటి రెండు గుక్కలు తాగగానే కౌంటర్ దగ్గరికి వెళ్లి, "ఇది వెనిగర్ వాసన వస్తోంది, ఒకసారి చూస్తారా" అని అడగండి. ఫెస్టివల్‌లో నాలాంటి వాలంటీరు ఒకరు వచ్చి రుచి చూస్తారు. నిజంగా తేడా ఉంటే మార్చి ఇస్తారు, మాకూ ఆ క్యాస్కు సంగతి తెలుస్తుంది. ముప్పావు గ్లాసు ఖాళీ చేశాక వెళ్తే మాత్రం నమ్మడం కష్టం. కొనే ముందు రుచి చూడడానికి కొంచెం పోయమని అడగడం కూడా ఇక్కడ మామూలే.

శాకాహారులకి ఒక ముఖ్యమైన మాట, ఎందుకంటే ఇది ఎవరూ ముందుగా చెప్పరు. క్యాస్క్ బీరులో మడ్డిని అడుక్కి దించడానికి చాలాచోట్ల ఐసింగ్లాస్ వాడతారు. అది చేప ఈత తిత్తి నుంచి తీసేది. నల్ల బీర్లలో కొందరు వాడరు, కానీ రంగు చూసి చెప్పలేం. వీగన్ అని రాసి ఉందో లేదో చూడండి, లేదా అడగండి. చాక్లెట్ తీపి ఎక్కువగా ఉండే స్టౌట్లలో పాల చక్కెర కూడా ఉండొచ్చు, పాలు పడనివాళ్లు అదీ అడగాలి.

బలం గురించి కూడా లెక్క చెప్పుకోవాలి. 10 శాతం బీరు పింట్‌లో మూడో వంతు తాగితే 1.9 యూనిట్లు (ఇక్కడ యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్). పింట్ తాగితే 5.7. ఇక్కడి ఆరోగ్య సలహా వారానికి 14 యూనిట్లు దాటొద్దని. గ్యాస్ లేక మెత్తగా దిగిపోతుంది కాబట్టి బలం తెలియదు. ఆ రోజు కారు ఇంట్లోనే పెట్టి ట్రామ్‌లో వెళ్లండి. ఇంగ్లండ్‌లో వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు పరిమితి అయినా, స్కాట్లండ్‌లో 50, మన దేశంలో 30. నా మట్టుకు నేను తాగిన రోజు స్టీరింగ్ ముట్టుకోను.

చివర్లో, ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడిగారు. క్యాస్క్ నుంచి డబ్బాలో పోయించి తెచ్చుకుంటే ఆ రాత్రే తాగేయాలి, మర్నాటికి ఉన్న కాస్త గ్యాస్ కూడా పోతుంది. అదే బీరు సీసాలో దొరికితే కొనుక్కోండి, కానీ గ్యాస్ ఎక్కువగా ఉండి పులుపు ఇంకా పదునుగా తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టి, వెడల్పాటి గ్లాసులో పోసి, నురగ తగ్గాక తాగండి. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఒక సీసా చాలు.